అరిగింది వెన్నెముకా... ధైర్యమా?

ఎక్స్‌రే రిపోర్టు చేతికొచ్చిన రోజున మా అత్తగారు మధ్యాహ్నం అన్నం ముట్టుకోలేదు. "వెన్నెముక అరిగిపోయిందిటమ్మా! ఇంకేముంది, మంచానికి అంటుకుపోవడమే" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడకప్పుడు అరవై రెండేళ్లు. నెలరోజులుగా నడుంనొప్పి. రిపోర్టులో ఉన్నదల్లా 'డిజనరేటివ్ చేంజెస్' అన్న రెండు మాటలు. ఆ రెండు మాటలకే ఆవిడ వాకిట్లో ముగ్గు మానేశారు. సాయంత్రం గుడికెళ్లడం మానేశారు. రాత్రీ పగలూ నడుంకి బెల్టు. చెంబుడు నీళ్లు కూడా ఎత్తేవారు కాదు. మూడు నెలలు తిరిగేసరికి, చెయ్యి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేని స్థితికొచ్చారు.

మా ఎదురింటి మామ్మగారిది దీనికి పూర్తిగా ఎదురు కథ. కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయేది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. కాలి చెప్పు ఎక్కడ ఊడిపోయిందో తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే "డెబ్భై దాటాయి కదే, వయసన్నాక ఇవన్నీ మామూలే" అని నవ్వేసేవారు. నొప్పి పెద్దగా లేదు కాబట్టి ఇంట్లోవాళ్లూ పట్టించుకోలేదు. చివరికి నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర తూలి పడ్డాక స్కాన్ తీస్తే, మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోతోందని తేలింది. ఆపరేషన్ చేశారు. నడక నిలబడింది గానీ, చేతివేళ్ల పట్టు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. "ఓ ఆర్నెల్ల ముందు తీసుకొచ్చి ఉంటే బావుండేది" అన్నారట డాక్టరుగారు.

చూశారా? ఒకరు బెంగపడక్కర్లేని చోట బెంగపడి మంచం పట్టబోయారు. మరొకరు పరుగెత్తాల్సిన చోట ఊరుకున్నారు. ఇద్దరిదీ వెన్నెముక అరుగుదలే! అందుకే ఏది మామూలో, ఏది కాదో ఇంట్లో ఆడవాళ్లకి తెలిసుండాలి. ఎందుకంటే అత్తగారి నొప్పయినా, అమ్మ నొప్పయినా, తన నొప్పయినా ముందుగా కనిపెట్టాల్సింది సాధారణంగా మనమే కదా!

ముంజెలాంటి డిస్కులు

మన వెన్నెముకలో మొత్తం 33 వెన్నుపూసలు. మెడలో 7, వీపులో 12, నడుములో 5. ఆ కింద త్రికంలో 5, తోకెముకలో 4 పూసలు పెద్దయ్యాక ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. పైనున్న 24 మాత్రమే విడివిడిగా కదిలేవి. ఈ పూసల మధ్య మెత్తల్లాంటివి 23 ఉంటాయి. వాటినే డిస్కులంటాం. పూసల వెనకవైపున్న సొరంగంలోంచి వెన్నుపాము దిగుతుంది. పక్కనున్న కంతల్లోంచి చేతులకీ కాళ్లకీ నరాలు వెళ్తాయి.

డిస్కు ఎలా ఉంటుందో తెలియాలంటే తాటిముంజెని గుర్తు తెచ్చుకోండి. చుట్టూ గట్టి పొర, లోపల నీళ్లతో నిండిన మెత్తటి గుజ్జు. డిస్కుకి చుట్టూ ఉండేది ఒక పొర కాదు, ఉల్లిపాయలా పొరమీద పొర. లేతవయసులో లోపలి గుజ్జులో సుమారు 80 శాతం నీళ్లే. అందుకే మనం దూకినా, బరువెత్తినా ఆ అదురు పూసలకి తగలదు. ముదిరేకొద్దీ ముంజె గట్టిపడినట్టే, వయసొచ్చేకొద్దీ డిస్కులో నీరు తగ్గి అది పలచబడుతుంది.

ఇంకో చిత్రం వినండి. మనం పొద్దున్న నిద్ర లేచినప్పుడు రాత్రి పడుకోబోయే ముందుకన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటాం! పగలంతా శరీరం బరువుకి డిస్కుల్లోని నీరు కొంత బయటికి పోతుంది. రాత్రి పడుకున్నాక మళ్లీ ఊరుతుంది. పెద్దవాళ్ల డిస్కుల్లో రక్తనాళాలు దాదాపు ఉండవు. తిండీ నీరూ పైకింది ఎముకల్లోంచి మెల్లగా ఊరి రావాల్సిందే. స్పాంజి నొక్కి వదిలినట్టుగా కదలిక ఉంటేనే ఆ రాకపోకలు బాగా సాగుతాయి. అంటే ఏమిటన్నమాట? కదలకుండా కూచుంటే వెన్నెముకకి విశ్రాంతి కాదు, పస్తు!

అసలు అరిగేదేమిటి?

'అరుగుదల' అనగానే ఎముక పిండిపిండై రాలిపోతోందనుకుంటారు చాలామంది. అలా కాదు. ముందు డిస్కు ఎండి పలచబడుతుంది. దాంతో పైపూసా కిందిపూసా కొంచెం దగ్గరవుతాయి. వెనకనున్న చిన్న చిన్న కీళ్లమీద భారం పెరిగి, వాటి మృదులాస్థి గరుకుదేరుతుంది. ఆ భారాన్ని పంచుకోవడానికి పూసల అంచుల్లో కొత్త ఎముక చిన్న కొమ్ముల్లా మొలుస్తుంది. రిపోర్టుల్లో 'ఆస్టియోఫైట్స్' అని రాసేది వీటినే. పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు కూడా దళసరి అవుతాయి. ఈ మార్పులన్నిటికీ కలిపి పెట్టిన పేరు స్పాండిలోసిస్.

మనవాళ్లు నోరు తిరిగినట్టు దీన్నే 'స్పాండిలైటిస్' అనేస్తుంటారు. నిజానికి ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు వేరే. అది చాలావరకు నలభై ఐదేళ్లలోపు వాళ్లలో మొదలవుతుంది. తెల్లవారుజామున నడుం కొయ్యబారి ఉంటుంది, తిరిగితే సర్దుకుంటుంది. దాని మందులు వేరు. తల తిరిగినప్పుడల్లా మెడ ఎముకల మీద తోసెయ్యడం కూడా సరికాదు. చెవిలోపలి ఇబ్బంది, బీపీ, షుగరు, రక్తహీనత... ఇవన్నీ ముందు చూపించుకోవాలి.

ఎక్స్‌రే చెప్పేదెంత?

ఇది మా అత్తగారు ముందే విని ఉంటే ఆ మూడు నెలలూ మిగిలేవి! ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగ్ ఫలితాలు కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. అందులో ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, యాభై ఏళ్లవాళ్లలో 80 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. గుర్తుంచుకోండి, వీళ్లెవరికీ నడుంనొప్పి లేదు!

అంటే వెన్నెముక అరుగుదల తలలో నెరిసిన వెంట్రుకలాంటిది. ఉన్నంతమాత్రాన జబ్బు కాదు. నొప్పికి అది ఒక కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. ఫిల్ములో ఎంత అరుగుదల ఉంటే అంత నొప్పి ఉండాలనీ లేదు. కాబట్టి నడుం పట్టేసిన మొదటివారమే స్కానింగుకి పరుగెత్తక్కర్లేదు. ఒంట్లో ఉన్న లక్షణాలు చెప్పండి, డాక్టరుగారిని చేత్తో పరీక్షించనివ్వండి. స్కాన్ అవసరమో కాదో ఆ తర్వాత తేలుతుంది.

నొప్పి ఎన్ని రకాలుగా వస్తుందంటే...

మెడలో అయితే: మెడ పక్కకి తిప్పబోతే పట్టేయడం, నొప్పి భుజాలకీ తల వెనక్కీ పాకడం. నరం నొక్కుకుంటే చెయ్యి పొడుగునా లాగడం, వేళ్లలో తిమ్మిరి.

నడుములో అయితే: వంగి లేచినప్పుడు, ఎక్కువసేపు నించున్నప్పుడు నొప్పి. నరం నొక్కుకుంటే పిరుదులోంచి తొడ, పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాకులా జువ్వుమంటుంది. ఇదే సయాటికా.

అరవై దాటినవాళ్లలో ఇంకో రకం ఉంది. నాలుగడుగులు వెయ్యగానే రెండు కాళ్లూ బరువెక్కి మొద్దుబారతాయి. ఎక్కడో అక్కడ అరుగుమీద కూచుంటేనో, ముందుకి వంగితేనో హాయిగా ఉంటుంది. మళ్లీ నడిస్తే మళ్లీ అంతే. నరాలు వెళ్లే సొరంగం ఇరుకైందనడానికి ఇది గుర్తు. బజారులో మీ అమ్మగారు ప్రతి కొట్టు ముందూ ఆగి కూచుంటున్నారంటే బద్ధకం అనుకోకండి. కాళ్ల రక్తనాళాల్లో అడ్డు ఉన్నా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి కనుక తేడా డాక్టరే తేల్చాలి.

ఆలస్యం చెయ్యకూడనివి

ఈ కింది లక్షణాలు కత్తిరించి అలమారా తలుపుకి అంటించుకున్నా తప్పులేదు.

* మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలవిసర్జన మీద అదుపు తప్పడం. పీటమీద కూచునే చోట మొద్దుబారడం. వీటిలో ఏదొచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగకూడదు.
* పాదం పైకి లేవక నేలకి ఈడ్చుకుపోవడం, కాలో చెయ్యో బలం తగ్గిపోవడం.
* హుక్కులు, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం. నొప్పి లేకపోయినా సరే! మామ్మగారికి వచ్చినవి ఇవే.
* జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, ఇదివరకు క్యాన్సరు వచ్చి ఉండటం.
* జారిపడ్డ తర్వాత, లేదా పెద్దవయసులో చిన్న కుదుపుకే మొదలైన తీవ్రమైన నొప్పి.

అరుగుదలలా కనిపించే ఇతర జబ్బులు

బహిష్టులు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు గుల్లబారతాయి. ఇది ఆస్టియోపొరోసిస్. ఇందులో అరిగేది డిస్కు కాదు, బలం పోయేది ఎముకకే. బకెట్టు ఎత్తినంత మాత్రానికే పూస నొక్కుకుపోయి విరగొచ్చు. పొడుగు తగ్గడం, వీపు గూనివాలడం దాని గుర్తులు. డెక్సా అనే పరీక్షలో తెలుస్తుంది. మందులున్నాయి.

మనదేశంలో మరిచిపోకూడనిది వెన్నెముక క్షయ. ఒకేచోట తగ్గని నొప్పి, సాయంత్రం పూట జ్వరం, ఆకలి మందగించడం ఉంటే దాన్ని అరుగుదల ఖాతాలో వెయ్యకండి. మందులతో నయమవుతుంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మందులు ఉచితం.

ఇక మన నల్గొండ, ప్రకాశం జిల్లాల అక్కచెల్లెళ్లకి ఫ్లోరోసిస్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు గురించి డాక్టర్లు 1937లోనే రాశారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగితే లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. దానికి అసలు మందు మంచినీళ్లే.

బెల్టు, మాత్ర, మంచం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో, విడవకుండా వేధించే నడుంనొప్పికి ఏం చెయ్యాలో మార్గదర్శకాలిచ్చింది. వ్యాయామం చేయించమంది, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పమంది. నడుం బెల్టుల్నీ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నీ మామూలుగా వాడొద్దంది. బెల్టు ఊతానికి అలవాటుపడితే నడుం చుట్టూ ఉన్న కండరాలు తమ పని మర్చిపోతాయి. మా అత్తగారికి జరిగిందదే. (పూస విరిగినప్పుడో, ఆపరేషనయ్యాకో డాక్టరు పెట్టమన్న బెల్టు సంగతి వేరు.)

నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు నడుం వాల్చండి, చాలు. వేడినీళ్ల కాపడం హాయినిస్తుంది. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లే. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 'ఒక్క పొట్లంతో నొప్పి మాయం' అనే పొడులతో మరీ జాగ్రత్త. కొన్నిట్లో స్టెరాయిడ్లు కలుపుతారు. ముఖం ఉబ్బి, షుగరు పెరిగి, ఉన్న ఎముక కూడా గుల్లవుతుంది. మెడ పటపట విరిపించుకోవడం అంతకన్నా వద్దు.

కటిక నేలమీద పడుకోవాలన్నదీ అపోహే. 2003లో స్పెయిన్‌లో నడుంనొప్పి ఉన్న 313 మందికి పరుపులిచ్చి చూస్తే, బాగా గట్టి పరుపు కన్నా మధ్యరకం పరుపుమీద పడుకున్నవాళ్లకే ఎక్కువ గుణం కనిపించింది. తలగడ ఒకటి చాలు. మెడ కిందికి వాలకుండా, పైకి లేవకుండా వీపుతో సమంగా ఉండాలి.

ఆపరేషను అవసరమయ్యేది కొద్దిమందికే. బలం తగ్గుతున్నప్పుడు, వెన్నుపాము నలుగుతున్నప్పుడు, మిగతావన్నీ చేసినా నరం నొప్పి బతకనివ్వనప్పుడు. అలాంటప్పుడు భయపడి వాయిదా వెయ్యడమే నష్టం.

వంటింట్లో సర్దుబాట్లు

* వంటగట్టు మీ మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటే మేలు. మరీ పొట్టిగా ఉంటే కూరలు తరిగే చెక్క కింద ఓ పీట వేసుకోండి. మీరు పొట్టయితే కాళ్లకింద పీట.
* గిన్నెలు తోమేటప్పుడు ఓ కాలు చిన్న పీటమీద పెట్టి, కాసేపయ్యాక కాలు మార్చండి. నడుంకి సుఖంగా ఉంటుంది.
* రోజూ వాడే పప్పుడబ్బాలు, కుక్కరు నడుం ఎత్తులో ఉండాలి. పండక్కి వాడే గంగాళాలు అటకమీదా, రోజువారీ సామాను నేలమీదా ఉంటే రోజంతా వంగి లేవడమే!
* గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు. బండతో కలిపితే సుమారు ముప్ఫై కిలోలు. ఒక్కరే ఎత్తకండి. తెచ్చినతనిచేతే చోట్లో పెట్టించుకోండి.
* నీళ్ల బిందె ఎత్తాలంటే మోకాళ్లు వంచి, బిందెని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఎత్తుతూ నడుం మెలితిప్పకండి. ఒక పెద్ద బిందెకన్నా రెండు చిన్నవి నయం.
* కుట్టుమిషనైనా, టీవీ సీరియలైనా, సెల్‌ఫోనైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. ఫోను ఒళ్లో పెట్టుకుని తల వంచకండి, కళ్ల ఎత్తుకి తీసుకురండి.

పావుగంట మీకోసం

ఇవి డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టండి. పైన చెప్పిన ప్రమాద లక్షణాలున్నవాళ్లూ, ఎముకలు గుల్లబారినవాళ్లూ సొంతంగా చెయ్యొద్దు.

1. నిటారుగా కూచుని గడ్డాన్ని లోపలికి లాగి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు.
2. అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో చేతినీ, చేత్తో తలనీ మెల్లగా నెట్టండి. తల కదలకూడదు. తర్వాత వెనకా, రెండు పక్కలా అలాగే.
3. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఒక్కో మోకాలూ గుండెలవైపు తెచ్చుకోండి.
4. అదే భంగిమలో పిరుదుల్ని నేలమీంచి పైకెత్తి ఐదు అంకెలు ఆపి దించండి. నడుం కండరాలకి ఇది చాలా మంచిది.
5. చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి, పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు వీపు పైకీ కిందికీ మెల్లగా కదపండి.

కొంచెం లాగినట్టుంటే భయం లేదు. నొప్పి కాల్లోకో చేతిలోకో పాకితే మాత్రం ఆపెయ్యండి. అన్నిటికన్నా తేలికైంది నడక. మొదట పది నిమిషాలు, మెల్లగా అరగంట.

తిండి సంగతి

ఏం తిన్నా అరిగిన డిస్కు మళ్లీ లేతది కాదు. ఎవరైనా అలా చెబితే నమ్మకండి. కానీ ఎముకకీ కండకీ బలం తిండిలోంచే రావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. వారానికి మూడు నాలుగు రోజులు రాగిజావో, రాగిరొట్టో చేసుకోండి. మునగాకు పప్పు, నువ్వులపొడి, పాలు, పెరుగు, చిన్న చేపలు కూడా మంచివే. కండరాలకి పప్పు, గుడ్డు. కాస్త ఎండ. బరువు తగ్గితే నడుం మీద భారమూ తగ్గుతుంది. పొగతాగే అలవాటు కూడా డిస్కులకి చేటు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే మామ్మలకీ ఈ మాట చెప్పండి!

ఇంతకీ మా అత్తగారేమయ్యారంటారా? రెండో డాక్టరుగారు ఆ ఫిల్ము చూసి, "మీ వయసుకి మీ వెన్నెముక ఇలాగే ఉండాలమ్మా. బెల్టు తీసేసి నడవండి" అన్నారు. మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్లొచ్చి ఆయాసపడ్డారు. ఐదోవారానికి గుడిదాకా వెళ్లారు. నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. చలికాలంలో, పెళ్లిపనుల్లో పలకరిస్తూనే ఉంటుంది. "ఉండనీవే, అదీ నాతోపాటే పెద్దదయింది" అంటారిప్పుడు. మొన్న సంక్రాంతికి వాకిలి నిండా రథం ముగ్గు ఆవిడదే. మధ్యమధ్యలో లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, కాస్త వెనక్కి వాలి, మళ్లీ మోకాళ్లు వంచి కూచుని పూర్తిచేశారు. ఎదురింటి మామ్మగారు కుర్చీలో కూచుని రంగులు ఎక్కడ వెయ్యాలో చెబుతూంటే, ఆ రంగులు చల్లింది నేను.